చిన్న కారు టైర్లు ఎంతకాలం వస్తాయి? మీ టైర్ల ఆయుష్షును మీరే లెక్కగట్టుకునే విధానం

చిన్న కారు టైర్లు ఎన్ని కిలోమీటర్లు వస్తాయని అడిగితే 40,000 అని ఒకరు, 60,000 అని ఇంకొకరు, జాగ్రత్తగా నడిపితే 80,000 కూడా దాటుతాయని మరొకరు చెబుతారు. ముగ్గురు చెప్పినదీ వారి వారి కార్ల విషయంలో నిజమే కావచ్చు. ఒకే మోడల్ కార్లు రెండు ఒకే రకం టైర్లతో తిరుగుతున్నా, వాటిలో ఒకదానికి 30,000 కిలోమీటర్లకే టైర్లు మార్చవలసి రావడం, రెండోది అంతకు రెట్టింపు దూరం తిరగడం అరుదేమీ కాదు. కాబట్టి సగటు సంఖ్యను గుర్తుపెట్టుకోవడం వల్ల ప్రయోజనం తక్కువ. మీ కారుకున్న నాలుగు టైర్లలో ఒక్కోదానికి ఇంకా ఎంత దూరం మిగిలి ఉందో కొలిచి తెలుసుకోవచ్చు, తెలుసుకోవాలి కూడా.

టైరుకు రెండు రకాల వయసు ఉంటుంది. తిరిగిన దూరాన్ని బట్టి అరిగే వయసు ఒకటి, తిరిగినా తిరగకపోయినా రబ్బరు గట్టిపడుతూ పెరిగే వయసు మరొకటి. రోజూ చాలా దూరం తిరిగే కారుకు మొదటిది ముందుగా ముగుస్తుంది. వారానికి ఒకసారి బయటకు తీసే కారుకు రెండోది ముందుగా ముగుస్తుంది. ఏది ముందు ముగిస్తే అదే టైరు ఆయుష్షు.

ఈ పనికి కావలసిన సామగ్రి చాలా తక్కువ: ట్రెడ్ (టైరులో నేలను తాకే గాడుల భాగం) లోతు కొలిచే చిన్న గేజి, గాలి కొలిచే గేజి, ఒక టార్చిలైటు, ఒక నోటుపుస్తకం. వీటిలో నోటుపుస్తకమే అన్నిటికన్నా విలువైనదని నా అభిప్రాయం, ఎందుకంటే ఒక్కసారి కొలిచిన అంకె ఇవాళ్టి స్థితిని మాత్రమే చెబుతుంది. తేదీతో, ఓడోమీటరు అంకెతో పాటు రాసుకున్న రెండు కొలతలు రాబోయే ఏడాదిని చెబుతాయి.

మొదటి మెట్టు: టైరు పుట్టిన తేదీ చదవడం

టైరు పక్కగోడ మీద డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే సంకేతం ఉంటుంది. దాని చివరి నాలుగు అంకెలే తయారీ తేదీ. మొదటి రెండు అంకెలు వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. 2321 అని ఉంటే ఆ టైరు 2021లో 23వ వారంలో తయారైందని అర్థం. తేదీతో కూడిన పూర్తి సంకేతం చాలా టైర్లకు ఒకవైపు మాత్రమే ఉంటుంది కాబట్టి, బయటికి కనిపించే వైపు అది లేకపోతే కారు కిందికి వంగి, టార్చి వేసి లోపలివైపు చూడాలి. నాలుగు చక్రాలతో పాటు డిక్కీలో ఉన్న స్టెప్నీ తేదీ కూడా రాసుకోండి. చాలామంది మరిచిపోయే టైరు అదే, అత్యవసర సమయంలో ఆధారపడవలసినదీ అదే.

రెండో మెట్టు: ట్రెడ్ లోతు కొలవడం

కొత్త కారు టైరు గాడుల లోతు సాధారణంగా 8 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. అనేక దేశాల చట్టం ప్రకారం 1.6 మిల్లీమీటర్లకు చేరిన టైరు పనికిరాదు. ఆ హద్దును తెలియజేయడానికే ప్రధాన గాడుల అడుగున, అక్కడక్కడ, అడ్డంగా చిన్న రబ్బరు కట్టలు పోసి ఉంటాయి. అవి ఎక్కడ ఉన్నాయో తెలిపే చిన్న త్రిభుజం గుర్తో, టీడబ్ల్యూఐ (TWI) అనే అక్షరాలో టైరు అంచున కనిపిస్తాయి. చుట్టూ ఉన్న ట్రెడ్ అరిగి ఆ కట్టతో సమానమైపోతే టైరు పని అయిపోయినట్లే.

గేజితో ఒక్కో టైరును మూడు చోట్ల కొలవాలి: బయటి అంచు దగ్గరి గాడిలో, మధ్య గాడిలో, లోపలి అంచు దగ్గరి గాడిలో. గేజి మొన ఆ రబ్బరు కట్ట మీద ఆనకుండా చూసుకోండి, ఆనితే లోతు తక్కువగా చూపిస్తుంది. మూడు కొలతల్లో అన్నిటికంటే తక్కువ వచ్చినదే ఆ టైరు అసలు లోతు. ఈ మాటను గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఒకప్పుడు నా కారు ముందు ఎడమ టైరు బయటివైపు చూడటానికి చక్కగా ఉండటంతో ఇంకో ఏడాది వస్తుందనుకున్నాను. పంక్చరు వేయించడానికి చక్రం విప్పినప్పుడు చూస్తే లోపలి అంచున రబ్బరంతా పోయి దారాలు బయటపడి ఉన్నాయి. ఆ టైరు మీదనే అంతకు ముందు వారం కుటుంబంతో సహా చాలా దూరం ప్రయాణం చేశాను. అప్పటి నుంచి లోపలి అంచు కొలవకుండా నేను ఏ టైరునూ మంచిదని అనలేదు.

చట్టం చెప్పే 1.6 మిల్లీమీటర్ల దాకా ఆగడం సరైనదేనా అన్నది వేరే ప్రశ్న. గాడులు ఉన్నది ప్రధానంగా నీటిని పక్కకు తోసి, రబ్బరు నేలను అంటిపెట్టుకునేలా చూడటానికే. లోతు తగ్గేకొద్దీ అవి తోయగల నీటి పరిమాణం తగ్గుతుంది. ఒక దశ దాటాక చక్రం నీటి పొర మీద తేలి, స్టీరింగూ బ్రేకూ రెండూ చేతిలోంచి జారిపోతాయి. పొడి నేల మీద 3 మిల్లీమీటర్ల టైరుకూ కొత్త టైరుకూ పెద్దగా తేడా తెలియకపోవచ్చు గానీ, తడి రోడ్డు మీద అక్కడి నుంచి ఆగే దూరం స్పష్టంగా పెరుగుతూ పోతుంది. వానలు పడే ప్రాంతంలో తిరిగే కారుకు 3 మిల్లీమీటర్లను హద్దుగా పెట్టుకోవాలన్నది నా సలహా. మంచులో నడిచే శీతాకాలపు టైర్లకైతే 4 మిల్లీమీటర్ల దగ్గరే ఆగడం మంచిది.

మూడో మెట్టు: మిగిలిన దూరాన్ని లెక్కగట్టడం

ఇప్పుడు నోటుపుస్తకం పని మొదలవుతుంది. ఉదాహరణకు, 8 మిల్లీమీటర్ల లోతుతో వేయించిన టైరు 20,000 కిలోమీటర్లు తిరిగాక 5.5 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. అంటే 2.5 మిల్లీమీటర్లు అరిగింది. ఒక్కో మిల్లీమీటరుకు 8,000 కిలోమీటర్లు వచ్చింది. 3 మిల్లీమీటర్ల హద్దుకు ఇంకా 2.5 మిల్లీమీటర్లు ఉంది కనుక మరో 20,000 కిలోమీటర్లు తిరగవచ్చు. 1.6 దాకా లెక్కిస్తే 3.9 మిల్లీమీటర్లకు 31,200 కిలోమీటర్లు వస్తాయి. ఏడాదికి మీరు తిరిగే దూరంతో దీన్ని భాగిస్తే కాలం తెలుస్తుంది: ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగేవారికి మొదటి లెక్క ప్రకారం సుమారు ఇరవై నెలలు.

ఈ లెక్కను ప్రతి టైరుకూ విడివిడిగా వేయాలి, ప్రతి 5,000 కిలోమీటర్లకు ఒకసారి సరిచూసుకోవాలి. కొత్త టైరు ట్రెడ్ దిమ్మలు ఎత్తుగా ఉండి ఎక్కువగా కదులుతాయి కాబట్టి మొదట్లో అరుగుదల కొంచెం వేగంగా ఉండటం మామూలే. అలా కాకుండా, నిలకడగా సాగుతున్న లెక్కలో అకస్మాత్తుగా ఒక టైరు మాత్రం ఎక్కువ అరిగినట్లు కనిపిస్తే, ఆ చక్రం దగ్గర ఏదో తేడా వచ్చిందని అర్థం. కంటికి కనిపించడానికి ఎంతో ముందే అంకె చెప్పేస్తుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలనిపిస్తోంది. 185/65 ఆర్ 15 కొలత గల టైరు చుట్టుకొలత సుమారు 1.95 మీటర్లు. 40,000 కిలోమీటర్లు తిరిగేసరికి అది రెండు కోట్లకు పైగా చుట్లు తిరుగుతుంది. అంత తిరిగి 5 మిల్లీమీటర్లు అరిగిందంటే ఒక్కో చుట్టుకు పోయే రబ్బరు మందం మిల్లీమీటరులో నలభై లక్షల వంతు మాత్రమే. ఇంత సన్నగా జరిగే పని కనుకనే గాలిలో రెండు పీఎస్‌ఐ (టైరులోని గాలి పీడనాన్ని కొలిచే ప్రమాణం) తేడా, చక్రం కోణంలో వెంట్రుకవాసి తేడా కూడా కోట్ల చుట్ల మీద వేల కిలోమీటర్ల నష్టంగా తేలుతుంది.

నాలుగో మెట్టు: గాలి

టైరు ఆయుష్షు మీద మీకు పూర్తి అధికారం ఉన్న విషయం గాలి ఒక్కటే. అందుకే దీని గురించి కొంచెం వివరంగా చెబుతాను.

ఎంత గాలి పెట్టాలన్నది కారు తయారీదారు నిర్ణయిస్తారు. ఆ అంకె డ్రైవరు తలుపు తెరిస్తే కనిపించే చట్రం మీద గాని, పెట్రోలు మూత లోపల గాని, కారుతో వచ్చిన పుస్తకంలో గాని ఉంటుంది. టైరు పక్కగోడ మీద ముద్రించిన అంకె ఆ టైరు భరించగల గరిష్ఠ పీడనం. దాన్ని పెట్టవలసిన గాలిగా పొరబడకూడదు. ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ, ఇద్దరు కూర్చున్నప్పటికీ నిండుగా సామాను వేసుకున్నప్పటికీ వేరువేరు అంకెలు ఉండవచ్చు, కాబట్టి పట్టికను పూర్తిగా చదవండి.

గాలిని చల్లటి టైరులో కొలవాలి. అంటే కారు ఆగి కనీసం మూడు గంటలు కావాలి, లేదా తీసిన తరువాత రెండు మూడు కిలోమీటర్లకు మించి తిరగకూడదు. దూరం తిరిగి వేడెక్కిన టైరులో పీడనం కొన్ని పీఎస్‌ఐలు ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీసేస్తే చల్లబడ్డాక టైరు మెత్తబడుతుంది. మంచి టైరు కూడా నెలకు సుమారు ఒక పీఎస్‌ఐ కోల్పోతుంది. వాతావరణం 5 లేక 6 డిగ్రీల సెల్సియస్ చల్లబడితే మరో పీఎస్‌ఐ తగ్గుతుంది. 33 పీఎస్‌ఐ పెట్టి వేసవిలో వదిలేసిన టైరు, చలికాలం మొదలయ్యేసరికి ఏ పంక్చరూ లేకుండానే 27కు దిగిపోగలదు.

గాలి తక్కువైన టైరు పక్కగోడ ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగి లేస్తుంది. ఆ వంపే వేడిగా మారుతుంది. వేడికి రబ్బరు త్వరగా అరుగుతుంది, లోపలి పొరల మధ్య పట్టు సడలుతుంది. వేగంగా పోతున్నప్పుడు టైరు పేలిపోవడానికి ముఖ్యమైన కారణాల్లో ఇది ఒకటి. గాలి ఎక్కువైతే ట్రెడ్ మధ్యభాగమే నేలను తాకి అక్కడే అరుగుతుంది, గుంతల దెబ్బకు తట్టుకునే శక్తి కూడా తగ్గుతుంది. నైట్రోజన్ నింపితే ఈ తనిఖీ అవసరం ఉండదని కొందరు నమ్ముతారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. మిగిలినది కూడా నైట్రోజనే అయితే గాలి దిగే వేగం కొద్దిగా తగ్గుతుందే గాని ఆగదు. నెలకోసారి కొలవడం తప్పదు. అలాగే కారులో గాలి తగ్గితే వెలిగే దీపం ఉందన్న ధీమా కూడా పనికిరాదు, ఎందుకంటే చాలా కార్లలో పీడనం నాలుగో వంతు దాకా పడిపోయిన తరువాతనే అది వెలుగుతుంది. అప్పటికి అరుగుదల ఎంతో జరిగిపోయి ఉంటుంది.

ఐదో మెట్టు: అరిగిన తీరును చదవడం

కొలిచిన మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే టైరు తన కథ తానే చెబుతుంది. రెండు అంచులూ అరిగి మధ్యభాగం మిగిలి ఉంటే చాలాకాలంగా గాలి తక్కువగా ఉందని, మధ్య అరిగి అంచులు మిగిలి ఉంటే గాలి ఎక్కువగా ఉందని అర్థం. ఒకవైపు అంచు మాత్రమే అరిగితే చక్రం నిలువు కోణంలో గాని, ముందుకు చూసే దిశలో గాని తేడా ఉంది. అరచేతిని ట్రెడ్ మీద అడ్డంగా ఒకవైపు నుంచి రాస్తే నున్నగా, తిరిగి ఇటు రాస్తే రంపపు పళ్లలా గరుకుగా తగిలితే అది చక్రం దిశ తప్పిందనడానికి నమ్మదగిన గుర్తు. (చేతికి గుచ్చుకునే తీగ ముక్కలు ఉండవచ్చు, ముందు కంటితో చూసి తరువాత చేయి పెట్టండి.) ట్రెడ్ చుట్టూ అక్కడక్కడ గిన్నెలు తొలిచినట్లు గుంటలు పడితే షాక్ అబ్జార్బర్లు బలహీనపడి చక్రం నేల మీద ఎగురుతోందని గాని, బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమంగా ఉండటం) పోయిందని గాని అనుమానించాలి. ఒక్కచోట మాత్రమే చదునుగా అరిగి ఉంటే ఎప్పుడో గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రం తిరగకుండా ఈడ్చుకుపోయిందన్న మాట.

చక్రం దిశలో తేడా ఎంత ఖరీదైనదో చూడండి. ఒక చక్రం డిగ్రీలో పదో వంతు పక్కకు తిరిగి ఉన్నా, ప్రతి కిలోమీటరుకు ఆ టైరు దాదాపు 1.7 మీటర్లు పక్కకు ఈడ్వబడినంత పని జరుగుతుంది. 10,000 కిలోమీటర్లకు అది 17 కిలోమీటర్ల ఈడ్పు. అందుకే పెద్ద గుంతలో చక్రం బలంగా పడ్డాక, కాలిబాట అంచుకు గుద్దుకున్నాక, సస్పెన్షన్ భాగాలు మార్చాక, స్టీరింగ్ ఒకవైపు లాగుతున్నప్పుడు అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు, దిశ) చూపించడం వాయిదా వేయకూడదు. ఏ ఇబ్బందీ లేకపోయినా ఏడాదికొకసారి చూపించడం మంచి అలవాటు. ఒక వేగం దగ్గర స్టీరింగ్ వణుకుతూ, ఆ వేగం దాటగానే తగ్గిపోతుంటే అది ఎక్కువగా బ్యాలెన్సింగ్ లోపం. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ రెండూ వేరువేరు పనులు. ఒకటి చేయిస్తే రెండోది దానంతటదే సరికాదు.

ఆరో మెట్టు: టైర్ల చోటు మార్చడం

చిన్న కార్లలో అత్యధికం ముందు చక్రాలతో నడిచేవి. ఇంజను బరువులో ఎక్కువ భాగాన్ని మోయడం, బండిని లాగడం, తిప్పడం, బ్రేకు వేసినప్పుడు ముందుకు పడే భారాన్ని భరించడం అన్నీ ముందు టైర్ల పనే. అందువల్ల అవి వెనుక వాటికంటే ఎంతో వేగంగా అరుగుతాయి. ప్రతి 8,000 నుంచి 10,000 కిలోమీటర్లకు చోట్లు మార్చితే నాలుగూ దాదాపు ఒకే స్థాయిలో అరిగి ఒకేసారి ముగుస్తాయి.

ముందు చక్రాలతో నడిచే కారుకు పద్ధతి ఇది: ముందువి రెండూ అదే వైపున నేరుగా వెనక్కి వెళ్లాలి, వెనుకవి రెండూ వైపులు మారి ముందుకు రావాలి. పక్కగోడ మీద తిరిగే దిశను చూపే బాణం గుర్తు ఉన్న టైర్లను మాత్రం వైపు మార్చకుండా ముందు వెనుకలే మార్చాలి. స్టెప్నీ కూడా అదే కొలతది, అదే రకందైతే దాన్నీ వరుసలో కలుపుకోవచ్చు. తక్కువ వేగానికే పరిమితమైన సన్నటి తాత్కాలిక స్టెప్నీని కలపకూడదు. మార్చాక కొత్త స్థానానికి తగినట్లు గాలిని సవరించండి; వంద కిలోమీటర్లలోపు చక్రాల నట్ల బిగువు మరొకసారి సరిచూడండి.

ఏడో మెట్టు: నడిపే తీరు, మోసే బరువు

మలుపులో టైరు మీద పడే పక్కబలం వేగానికి వర్గంగా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలు. మలుపుకు ముందే వేగం తగ్గించేవారి ముందు టైర్ల అంచులు ఎక్కువకాలం నిలవడానికి కారణం ఇదే. ఆగి ఉన్న కారు స్టీరింగును చివరిదాకా తిప్పకుండా, కాస్త కదులుతుండగా తిప్పడం కూడా మేలు చేస్తుంది. ఇక బరువు విషయానికొస్తే, టైరు కొలత పక్కన ఉండే అంకె దాని మోత పరిమితిని తెలుపుతుంది. 88 అంటే ఒక్కో టైరుకు 560 కిలోలు. విద్యుత్ చిన్న కార్లలో బ్యాటరీ బరువూ, తొక్కగానే వచ్చే పూర్తి లాగుబలమూ కలిసి టైర్లను మామూలు కారు కన్నా త్వరగా అరగదీస్తాయి కనుక, వాటి లెక్కను పాత పెట్రోలు కారు అనుభవంతో వేసుకోకూడదు.

ఎనిమిదో మెట్టు: వయసు, గాయాలు

రబ్బరు గాలిలోని ఆక్సిజన్‌తోనూ ఓజోన్‌తోనూ నెమ్మదిగా మార్పు చెంది గట్టిపడుతుంది, పగుళ్లు పడుతుంది. దీన్ని అడ్డుకోవడానికి రబ్బరులో కలిపిన మైనం వంటి రక్షక పదార్థాలు, టైరు తిరుగుతూ వంగుతూ ఉన్నప్పుడు లోపలి నుంచి ఉపరితలానికి చేరుతుంటాయి. నెలల తరబడి కదలని కారు టైర్లు ట్రెడ్ నిండుగా ఉన్నా పగలడానికి ఒక కారణం అదే. తక్కువ తిరిగే కారును రెండు వారాలకొకసారైనా కొంత దూరం నడిపించండి, నీడలో నిలపండి, మెరుపు కోసం పెట్రోలియం కలిసిన పాలిష్‌లు పూయకండి.

ఐదేళ్లు దాటిన టైర్లను ఏడాదికోసారి నిపుణుడికి చూపించాలని, తయారైన నాటి నుంచి పదేళ్లు దాటితే ఎంత ట్రెడ్ ఉన్నా తీసేయాలని టైరు తయారీదారులు సాధారణంగా చెబుతారు. కొందరు కారు తయారీదారులు ఆరేళ్లకే మార్చమంటారు. వేడి ప్రాంతంలో ఎండలో నిలిచే కారుకు నేను ఆరేళ్ల మాటకే మొగ్గుతాను.

వయసుతో నిమిత్తం లేకుండా వెంటనే మార్చవలసిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. పక్కగోడ మీద ఉబ్బు వచ్చిందంటే లోపలి దారాలు తెగి, పలుచని రబ్బరు పొర మాత్రమే గాలిని ఆపుతోందని అర్థం. ఆ చక్రంతో ఊరు దాటవద్దు. దారాలు కనిపించే కోత, ట్రెడ్ పొర లేచిపోవడం కూడా అంతే. పంక్చరు ట్రెడ్ మధ్యభాగంలో, 6 మిల్లీమీటర్లకు మించని రంధ్రమైతే టైరును విప్పి లోపలి నుంచి ప్లగ్గూ ప్యాచీ కలిపి వేస్తే నమ్మకంగా వాడుకోవచ్చు. పక్కగోడకూ అంచుకూ పడిన రంధ్రానికి మరమ్మతు లేదు. గాలి పూర్తిగా దిగిన టైరుతో కొంత దూరమైనా నడిపి ఉంటే, విప్పినప్పుడు లోపల నల్లటి రబ్బరు పొడి రాలుతుందేమో చూడమనండి; రాలితే పక్కగోడ లోపల నలిగిపోయింది, ఇక ఆ టైరు వద్దు.

తొమ్మిదో మెట్టు: మార్చేటప్పుడు

టైర్లను ఒకే ఇరుసు మీద జతగానే మార్చాలి. రెండే కొంటే ఆ కొత్తవి వెనుక చక్రాలకు వేయించండి. ముందు చక్రాలతో నడిచే కారుకు కొత్తవి ముందే వేయాలని చాలామంది వాదిస్తారు గానీ, తడి రోడ్డు మీద ముందు పట్టు తప్పితే కారు నేరుగా పోతుంది, కాలు తీస్తే తరచుగా దారిలోకి వస్తుంది. వెనుక పట్టు తప్పితే కారు గిర్రున తిరిగిపోతుంది, దాన్ని అదుపు చేయడం మామూలు డ్రైవరుకు సాధ్యం కాదు. ముందు వెనుకల మధ్య తేడా పెద్దగా ఉన్నంతకాలం, మంచి టైర్లు వెనుకే ఉండేలా చూసుకోండి, అప్పటికి చోటు మార్పిడి ఆపినా ఫరవాలేదు.

పక్కగోడ మీద ట్రెడ్‌వేర్ అని 300, 400, 500 వంటి అంకె ఉండవచ్చు. అది అమెరికా పద్ధతి ప్రకారం సుమారు 11,600 కిలోమీటర్ల పరీక్షలో, 100గా తీసుకున్న ప్రామాణిక టైరుతో పోల్చి తయారీదారు ఇచ్చే అంకె. 400 అంకె ఉన్నది 200 అంకె ఉన్నదానికి సరిగ్గా రెట్టింపు దూరం వస్తుందన్న హామీ అందులో లేదు. ఒకే తయారీదారు టైర్లను పోల్చుకోవడానికి అది బాగా ఉపయోగపడుతుంది. ఎక్కువకాలం మన్నే గట్టి రబ్బరు కొన్నిసార్లు తడిలో పట్టు తక్కువగా ఇస్తుంది కనుక, దాని పక్కనే ఉండే, తడిలో పట్టును తెలిపే ట్రాక్షన్ అక్షరాన్ని కూడా చూడండి.

కొనే ముందు తయారీ తేదీ అడిగి చదవండి. బిగించాక మొదటి కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి, అచ్చు నుంచి విడిపోవడానికి పూసిన జారుడు పదార్థం పోయేదాకా టైరుకు పూర్తి పట్టు రాదు. ఇంటికి చేరిన రోజే గేజి తీసి ప్రతి టైరునూ మూడు చోట్ల కొలిచి, ఓడోమీటరు అంకెతో సహా నోటుపుస్తకంలో కొత్త పేజీలో రాయండి. ఆ పేజీ లేకపోతే రాబోయే లెక్కలన్నీ 8 మిల్లీమీటర్లన్న ఊహ మీద నడుస్తాయి. కొన్ని కొత్త టైర్లు 7 మిల్లీమీటర్లతోనే వస్తాయి.